లెక్క మారితే పాట మారుతుంది

అమెరికాలో వారం వారం హిట్ పాటల వరస చెప్పేది బిల్‌బోర్డ్ పత్రిక హాట్ 100. 2024 మే 4 తేదీతో వచ్చిన ఆ జాబితాలో ఒకటి నుంచి పద్నాలుగు దాకా అన్ని స్థానాలూ ఒక్క గాయనివే. టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ లెక్కలోకి వచ్చిన మొదటి వారం అది. సరిగ్గా అరవై ఏళ్ల కిందట, 1964 ఏప్రిల్‌లో, బీటిల్స్ మొదటి ఐదు స్థానాలూ పట్టారు. ఐదు కంటే పద్నాలుగు పెద్దది కాబట్టి స్విఫ్ట్ బీటిల్స్‌ను దాటేసింది అనుకోవడం తేలిక. అంకెల వరకు అది నిజమే. కాకపోతే ఆ రెండు జాబితాలూ కొలిచింది ఒకే దాన్ని కాదు.

1964లో ఒక పాట జాబితా ఎక్కాలంటే ఎవరో ఒకరు షాపుకు వెళ్లి, డబ్బిచ్చి, ఆ పాట ఉన్న చిన్న రికార్డు కొనుక్కోవాలి. లేదా రేడియో వాళ్లు దాన్ని పదేపదే వేయాలి. ఐదు పాటలు పైన ఉన్నాయంటే జనం ఐదుసార్లు విడివిడిగా జేబులో చెయ్యి పెట్టారన్నమాట. 2024లో అంత శ్రమ లేదు. అభిమాని ఆల్బమ్ పెట్టి, ప్లే నొక్కి, బట్టలు మడతపెట్టుకుంటున్నా, కునుకు తీస్తున్నా, ఒకటో పాట నుంచి ముప్పై ఒకటో పాట దాకా ప్రతిదీ తన ఓటు తాను వేసుకుంటూ పోతుంది. అందుకే మొదటి వారం మూకుమ్మడిగా ఎక్కిన పాటల్లో చాలావరకు తర్వాతి వారాల్లో అంతే మూకుమ్మడిగా దిగిపోయాయి.

ఇంకో ముచ్చట. అదే ఆల్బమ్, అదే వారం, బ్రిటన్‌లో ఇలా జరిగే వీలే లేదు. 2017 మార్చిలో అక్కడి గాయకుడు ఎడ్ షీరన్ ఆల్బమ్ వచ్చినప్పుడు అక్కడి టాప్ 20లో పదహారు పాటలు ఆయనవే అయ్యాయి. జాబితా పరువు పోతోందని నిర్వాహకులకు కంగారు పుట్టి, ఆ ఏడాదే ఒక నిబంధన తెచ్చారు: ఒక గాయకుడివి గరిష్ఠంగా మూడు పాటలే జాబితాలో ఉంటాయి. అంటే సముద్రానికి ఒక ఒడ్డున పద్నాలుగు హిట్లు, మరో ఒడ్డున మూడు.

స్విఫ్ట్‌ను తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. పాప్ సంగీతం పాడైపోయిందా, బాగుపడిందా అన్న వాదనల్లో సగం ఇక్కడే దారి తప్పుతాయని నా అనుమానం. పాటకు ఏమైంది అని అడిగే ముందు, హిట్ అన్న మాటకు ఏమైందో చూడాలి. ఎందుకంటే దేన్ని లెక్కపెడతారో పాట దానికి తగ్గట్టు తన ఒళ్లు సర్దుకుంటుంది. ఇది స్ట్రీమింగ్‌తో, అంటే పాట కొనకుండా యాప్‌లో నేరుగా వినడంతో, పుట్టిన జబ్బు కూడా కాదు.

కౌంటర్ దగ్గరి మనిషి

హాట్ 100 మొదలైంది 1958 ఆగస్టులో. ముప్పై ఏళ్లకు పైగా దాని వెనక ఉన్నవి ఫోన్ కాల్స్, కాగితాలు, నమ్మకం. ఎంపిక చేసిన షాపులకు ఫోన్ చేసి ఈ వారం ఏవి బాగా పోతున్నాయని అడిగేవారు. రేడియో స్టేషన్లు తాము వేస్తున్న పాటల పట్టికలు ఇచ్చేవి. కౌంటర్ దగ్గరి మనిషి తనకు గుర్తున్నది చెప్పేవాడు, లేదా తనకు నచ్చింది చెప్పేవాడు, లేదా రికార్డు కంపెనీ ఏజెంటు మొహమాటపెట్టి చెప్పించింది చెప్పేవాడు. రేడియో సంగతి సరేసరి. డబ్బు పుచ్చుకుని పాట వేయడానికి ‘పేయోలా’ అని పేరే ఉండేది. 1959-60లో అమెరికా కాంగ్రెస్ దాని మీద విచారణ జరిపింది. అప్పట్లో పేరు మోగిన డిస్క్ జాకీ అలన్ ఫ్రీడ్ ఆ దెబ్బకు మళ్లీ కోలుకోలేదు.

1991లో సౌండ్‌స్కాన్ వచ్చింది. షాపులో బార్‌కోడ్ మీద పడే ప్రతి బీప్ శబ్దమూ లెక్కలోకి చేరడం మొదలైంది. ఆల్బమ్‌ల జాబితాకు మే నెలలో, హాట్ 100కు నవంబరులో. చూస్తుండగానే అమెరికా అభిరుచి మారిపోయినట్టు కనిపించింది. కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ పైకి దూసుకొచ్చాడు. రేడియోలు ముట్టుకోవడానికే జంకిన ఎన్.డబ్ల్యు.ఏ. అనే ర్యాప్ బృందం ఆల్బమ్ జూన్‌లో నంబర్ వన్ అయింది. ఆ పాటలు కొనేవాళ్లు అంతకుముందూ ఉన్నారు. కౌంటర్ దగ్గరి మనిషికి వాళ్లు కనపడలేదు, లేదా చెప్పుకోదగ్గవాళ్లుగా తోచలేదు.

2015లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ, ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 1960 నుంచి 2010 దాకా హాట్ 100 ఎక్కిన సుమారు 17,000 పాటలను కంప్యూటర్‌తో విశ్లేషించారు. స్వరాల కూర్పు, ధ్వని తీరు చూసి, అమెరికా పాప్ మూడుసార్లు ఒక్క పెట్టున మారిందని తేల్చారు: 1964, 1983, 1991. మూడింటిలో పెద్దది ర్యాప్ వెల్లువ తెచ్చిన 1991. చాలా మంచి అధ్యయనం. అయితే ఆ మూడో సంవత్సరం దగ్గరకు వచ్చేసరికి నాకు కౌంటర్ దగ్గరి మనిషే గుర్తొస్తాడు. ఆ విప్లవంలో ఎంత స్టూడియోల్లో జరిగింది, ఎంత బార్‌కోడ్ మెషిన్‌లో జరిగింది? ర్యాప్ నిజంగానే పెరుగుతోంది, అందులో సందేహం లేదు. తలుపు తెరిచిన రోజునే అతిథి పుట్టాడని మాత్రం అనలేం కదా.

మూడు నిమిషాలు, ముప్పై సెకన్లు

పాత పాటలు కళ కోసం పుట్టాయని, ఇప్పటివి యాప్ కోసం పుడుతున్నాయని అనేవాళ్లు గుర్తు తెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. అసలు పాప్ పాట మూడు నిమిషాలే ఎందుకుంది? నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డుకు ఒక పక్కన పట్టేది సుమారు అంతే. 1949లో వచ్చిన 45 చుట్ల చిన్న సింగిల్ కూడా ఆ అలవాటునే కొనసాగించింది. ఎక్కువ సేపు నడిచే ఎల్పీ 1948లోనే వచ్చినా, రేడియోకు మూడు నిమిషాలే ముద్దు. పాత్రను బట్టి నీళ్ల ఆకారం.

ఇప్పటి పాత్ర వేరు. స్పాటిఫై అనే స్ట్రీమింగ్ యాప్‌లో ఒక పాటను ముప్పై సెకన్లు వింటే అది ఒక ప్లేగా లెక్క. ఇరవై తొమ్మిదో సెకనులో బొటనవేలు పక్కకు జరిపితే సున్నా. ముప్పై దాటాక మీరు నిమిషం విన్నా, ఆరు నిమిషాలు విన్నా లెక్కలో తేడా లేదు. ఈ ఒక్క నియమం ఇచ్చి, పాట ఎలా కట్టాలో చెప్పమంటే ఎవరైనా మూడు సలహాలు ఇస్తారు: తొందరగా మొదలుపెట్టు, పల్లవి ముందుకు లాగు, త్వరగా ముగించు. జరిగింది కూడా అదే. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జరిగిన ఒక అధ్యయనం ప్రకారం 1980ల నడుమ హిట్ పాటల్లో గొంతు వినపడేదాకా సాగే సంగీతం సగటున ఇరవై సెకన్ల పైమాట. 2015 నాటికి అది ఐదు సెకన్లకు దిగింది. చాలా పాటలు ఇప్పుడు పల్లవితోనే తలుపు తడతాయి. 2019లో పందొమ్మిది వారాలు నంబర్ వన్‌గా నిలిచి అప్పటికి రికార్డు సృష్టించిన లిల్ నాస్ ఎక్స్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’ మొదటి రూపం రెండు నిమిషాలు కూడా లేదు.

తమాషా ఏమిటంటే పాట కుదించుకుపోతుంటే ఆల్బమ్ ఉబ్బుతూ వచ్చింది. 2014 చివర్లో బిల్‌బోర్డ్ 1,500 ప్లేలను ఒక ఆల్బమ్ అమ్మకంతో సమానం చేసింది. పన్నెండు పాటల ఆల్బమ్‌ను ఒకసారి వింటే పన్నెండు ప్లేలు. నలభై ఐదు పాటలుంటే నలభై ఐదు. 2017లో క్రిస్ బ్రౌన్ నిజంగానే నలభై ఐదు పాటల ఆల్బమ్ వదిలాడు. పొట్టి పాట, పొడవాటి ఆల్బమ్, రెండూ ఒకే కూడిక ఫలితాలు.

న్యాయంగా ఒక మంచి కూడా చెప్పాలి. సీడీల కాలంలో పక్కవాడి పాట కంటే మన పాట గట్టిగా మోగాలని ధ్వనిని పిండి పిండి సమం చేసేవారు. గుసగుసకూ అరుపుకూ తేడా లేకుండా పోయేది. స్ట్రీమింగ్ యాప్‌లు అన్ని పాటలనూ ఇంచుమించు ఒకే స్థాయికి సర్ది వినిపిస్తాయి కాబట్టి ఆ పోటీకి ఇప్పుడు పెద్ద లాభం లేదు. ఇక్కడ కొలత మారడం సంగీతానికే మేలు చేసింది.

చందా డబ్బు ఎటు పోతుంది

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుద్దాం. ఎక్కువమంది పొరబడేది ఈ చోటే.

1999లో నాప్‌స్టర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చి, జనం ఒకరి పాటలు ఒకరు ఇంటర్నెట్లో కాపీ చేసుకునేలా చేసి, పాటను ఉచితం చేసింది. 2003లో ఐట్యూన్స్ స్టోర్ పాట 99 సెంట్లకు అమ్మింది. ఆ రెండింటి మధ్య నలిగి చాలా ఏళ్లు చిక్కిపోయిన రికార్డు పరిశ్రమ స్ట్రీమింగ్‌తో మళ్లీ ఒళ్లు చేసింది. రికార్డు కంపెనీల అంతర్జాతీయ సంఘం ఐఎఫ్‌పీఐ లెక్క ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా రికార్డు సంగీతం ఆదాయం 2,960 కోట్ల డాలర్లు. అందులో 69 శాతం స్ట్రీమింగ్‌దే. ఒక్క స్పాటిఫైనే ఆ ఏడాది హక్కుదారులకు వెయ్యి కోట్ల డాలర్లు చెల్లించానని చెప్పుకుంది. మరి గాయకులు ఎందుకు గగ్గోలు పెడుతున్నారు?

మొదటి కారణం: ఒక్కో ప్లేకు ఇంత అనే స్థిరమైన రేటు లేదు. ఒక నెలలో వచ్చిన చందాలూ ప్రకటనల డబ్బూ ఒక కుండలో పోస్తారు. కంపెనీ తన వాటా, సుమారు మూడో వంతు, తీసుకున్నాక మిగిలింది మొత్తం ప్లేలలో ఎవరికి ఎన్ని వచ్చాయో ఆ నిష్పత్తిలో పంచుతారు. మీరు నెలంతా ఒకే ఒక చిన్న జాజ్ బృందాన్ని విన్నారనుకోండి. మీ చందా వాళ్లకే చేరుతుందని మీరు తృప్తి పడతారు. అలా చేరదు. కుండలో కలిసిన మీ డబ్బులో పెద్ద భాగం, మీరు జీవితంలో ఎప్పుడూ వినని, కోట్ల ప్లేలున్న తారలకు వెళ్తుంది. రోజుకు ఇరవై పాటలు వినేవాడి కంటే పగలూ రాత్రీ ఫోన్ మోగిస్తూ ఉండేవాడి ఇష్టానికి ఇక్కడ విలువ ఎక్కువ. ఇద్దరి చందా ఒకటే అయినా సరే.

రెండో కారణం: పాటకు రెండు హక్కులుంటాయి. బాణీ, సాహిత్యం ఒకటి. ఆ పాటను ఒక రోజు ఒక స్టూడియోలో పాడి రికార్డు చేసిన ధ్వని, అంటే మాస్టర్, మరొకటి. స్ట్రీమింగ్ డబ్బులో పెద్ద ముక్క మాస్టర్ హక్కుదారుడికి పోతుంది. అది చాలాసార్లు గాయకుడు కాదు, కంపెనీ. ఆ కంపెనీల్లోనూ యూనివర్సల్, సోనీ, వార్నర్ అనే మూడింటిదే రాజ్యం.

ఈ తేడా ఎంత పదునైందో స్విఫ్ట్ ఉదంతమే చెబుతుంది. 2019లో ఆమె పాత కంపెనీ చేతులు మారింది. ఆమె మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లూ దాంతోపాటే వెళ్లిపోయాయి. బాణీల మీద రచయిత్రిగా ఆమె హక్కు మాత్రం ఆమె దగ్గరే ఉంది. కాబట్టి 2021 నుంచి 2023 మధ్య నాలుగు పాత ఆల్బమ్‌లను మళ్లీ మొదటి నుంచి పాడి, కొత్త మాస్టర్లు తయారుచేసుకుంది. అభిమానులు కొత్తవే విన్నారు. చివరికి 2025 మేలో పాత మాస్టర్లనూ ఆమే కొనేసుకుంది. హక్కుల చట్టంలోని ఒక సందు ఇంతమంది కుర్రకారు నోళ్లలో నానడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ సందులోంచి దూరాలంటే ఆమెంత బలగం ఉండాలి. మామూలు గాయని అదే పని చేస్తే రెండో రికార్డింగు ఎవరూ వినరు.

అడుగున ఉన్నవాళ్ల సంగతి వేరే. 2024 నుంచి స్పాటిఫైలో గడచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యి ప్లేలు రాని పాటకు రికార్డింగు డబ్బు రాదు. 2020లో మొదలైన ‘డిస్కవరీ మోడ్’ అనే ఏర్పాటు ఇంకా చిత్రమైంది: తక్కువ రాయల్టీకి ఒప్పుకుంటే మీ పాటను అల్గారిథమ్ మరికొంతమంది చెవిన వేస్తుంది. కంపెనీ దీన్ని ప్రచార సాధనం అంటుంది. చేతికి డబ్బు ఇవ్వకుండా, రావలసిన డబ్బు వదులుకుంటున్నారు కాబట్టి ఇది పేయోలా కాదని వాదించవచ్చు. నాకైతే ఆ రెండింటికీ బాగానే పోలికలు కనిపిస్తాయి.

చమురు బావి నుంచి గొంతు దాకా

ఇక పాట తయారీ. పాటలన్నీ ఒకేలా ఉన్నాయన్న ఫిర్యాదుకు ఆధారం దొరికేది ఇక్కడే.

ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజినీరు చమురు కంపెనీల కోసం భూమి పొరల నుంచి తిరిగొచ్చే ధ్వని తరంగాలను గణితంతో చదివేవాడు. అదే గణితంతో గొంతు శ్రుతి ఎక్కడ తప్పిందో పసిగట్టి సరిదిద్దవచ్చని గ్రహించి 1997లో ఆటో-ట్యూన్ తెచ్చాడు. ఎవరికీ తెలియకుండా తప్పు దిద్దడం దాని ఉద్దేశం. 1998లో షెర్ పాడిన ‘బిలీవ్’లో దాన్ని కావాలనే మితిమీరి వాడి, గొంతును మెట్లు మెట్లుగా విరిచారు. ఆ రహస్యం బయటపడకూడదని నిర్మాతలు అది వేరే పరికరం మహిమ అని ఒక పత్రికకు చెప్పారు కూడా. తప్పు దిద్దే పెన్సిల్ కాస్తా కుంచె అయింది.

అదే కాలంలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో చెయిరాన్ (Cheiron) అనే స్టూడియో పాటల కర్మాగారంగా నడిచేది. దాన్ని నడిపిన డెనిజ్ పాప్ 1998లో చనిపోయాడు. ఆయన శిష్యుడు మాక్స్ మార్టిన్ 1999 నుంచి ఇప్పటిదాకా హాట్ 100లో ఇరవై ఐదుకు పైగా నంబర్ వన్ పాటల్లో చెయ్యి పెట్టాడు. బ్రిట్నీ స్పియర్స్, కేటీ పెర్రీ, ద వీకెండ్, స్విఫ్ట్, అందరి వెనకా ఆయన ఉన్నాడు. ఆంగ్లం ఆయన మాతృభాష కాదు. మాట అర్థం కంటే దాని అక్షరాల పొందిక ముఖ్యం ఆయనకు. పద్యకవి గణాలు సరిచూసుకున్నట్టు, ఒక పాదంలో ఎన్ని అక్షరాలుంటే తర్వాతి పాదంలోనూ అన్నే ఉండాలంటాడు.

ఆ తర్వాత పని ఇంకా ముక్కలైంది. ఒకరు బీట్ కట్టి పెడతారు, మరొకరు దానిమీద బాణీ పాడతారు, ఇంకొకరు రెండు మాటలు మారుస్తారు. కంపెనీలు ‘సాంగ్ క్యాంప్’లు పెట్టి రచయితలను గదుల్లో కూర్చోబెట్టి రోజుకో పాట చేయిస్తాయి. పాట కింద పది పేర్లు కనిపించడానికి ఇదొక కారణం. మరో కారణం కోర్టులు. 2015లో ‘బ్లర్డ్ లైన్స్’ అనే పాట మార్విన్ గే పాత పాటను పోలి ఉందని అమెరికా జ్యూరీ సుమారు 74 లక్షల డాలర్ల పరిహారం విధించింది (తర్వాత అది తగ్గింది). నేరుగా బాణీ ఎత్తుకోకుండా, ఆ కాలపు ఊపును పట్టుకోవడమే తప్పయితే ఇక ఎవరికి నిద్ర పడుతుంది? అప్పటినుంచి పోలిక కనిపిస్తే ముందే పాతవాళ్ల పేర్లు చేర్చేయడం అలవాటైంది. ‘అప్‌టౌన్ ఫంక్’ పాటకు అలా చేరగా చేరగా పదకొండుగురు రచయితలయ్యారు. 2023లో షీరన్ ఇలాంటి కేసులోనే గెలిచాడు గానీ, లాయర్ల భయం పోలేదు.

మరి నిజంగా పాటలు ఒకేలా అవుతున్నాయా? 2012లో స్పెయిన్ పరిశోధకులు 1955 నుంచి 2010 దాకా పాటలను పరిశీలించి, వాద్యాల ధ్వనుల్లో వైవిధ్యం తగ్గుతోందని, మోత పెరుగుతోందని చెప్పారు. అందరూ దాన్ని పట్టుకుని పండగ చేసుకున్నారు. మూడేళ్ల తర్వాత వచ్చిన లండన్ అధ్యయనమేమో వైవిధ్యం అన్నిటికంటే తక్కువ ఉన్నది 1986లో అని, ఆ తర్వాత తిరిగి పెరిగిందని చెప్పింది. ఎనభైల పాటలే స్వర్ణయుగం అనేవాళ్లు ఈ రెండోదాన్ని ఎందుకో పెద్దగా ప్రస్తావించరు. ఒకరు అన్ని రకాల పాటలూ తీసుకున్నారు, ఒకరు హిట్లే తీసుకున్నారు. ఒకరు కొలిచింది ఒకటి, ఇంకొకరు కొలిచింది మరొకటి. ఇక్కడా మళ్లీ అదే గొడవ.

అభిమానం ఒక ఉద్యోగం

లెక్క ఎలా జరుగుతుందో తెలిసిన కొద్దీ దాన్ని ఎలా తిప్పాలో కూడా తెలుస్తుంది. ఈ విద్యలో కంపెనీల కంటే అభిమానులు రెండాకులు ఎక్కువే చదివారు.

దక్షిణ కొరియా పాప్‌లో ఆల్బమ్ అంటే పాటలతో పాటు ఒక పెట్టె. అందులో సభ్యుల ఫొటోకార్డులు ఉంటాయి. ఏ కార్డు వస్తుందో విప్పితే గానీ తెలియదు. కావలసిన ముఖం రావాలంటే అదే ఆల్బమ్ మళ్లీ కొనాలి. ఎక్కువ కాపీలు కొన్నవాళ్లకు తారలను కలిసే లాటరీలో ఎక్కువ అవకాశం. ఇక విడుదల రోజున ఏ యాప్‌లో ఎలా వింటే లెక్కలోకి వస్తుందో, ఎలా వింటే రోబో అనుకుని కొట్టేస్తారో పూసగుచ్చినట్టు చెప్పే పట్టికలు అభిమానులే తయారుచేసి పంచుకుంటారు. 2020లో బీటీఎస్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరిన తొలి కొరియన్ బృందమైంది. ఆ విజయం వెనక పాట ఎంత ఉందో ఈ క్రమశిక్షణా అంతే ఉంది.

దీన్ని మోసం అనేవాళ్లున్నారు. నేను అనలేను. డబ్బు తీసుకున్న డిస్క్ జాకీ కంటే నిద్ర మానుకున్న పదిహేడేళ్ల పిల్ల నిజాయితీ గలదే. అయితే అభిమానులు జీతం లేని అమ్మకాల విభాగంగా మారిపోయారన్నదీ నిజమే, కంపెనీలు ఆ సంగతి బాగా కనిపెట్టాయన్నదీ నిజమే. టీషర్టు కొంటే ఆల్బమ్ కూడా కొన్నట్టే చూపించే పద్ధతిని బిల్‌బోర్డ్ 2020లో ఆపించింది. వెంటనే ఒకే ఆల్బమ్‌ను రకరకాల అట్టలతో, రంగులతో, అదనపు పాటలతో అమ్మడం పెరిగింది. 2025 అక్టోబరులో స్విఫ్ట్ ఆల్బమ్ ముప్పైకి పైగా రూపాల్లో వచ్చి అమెరికాలో మొదటి వారమే, అమ్మకాలూ ప్లేలూ కలిపి, 40 లక్షల ఆల్బమ్‌ల మార్కు దాటింది. బ్రిటన్ గాయని అడెల్ 2015లో నెలకొల్పిన రికార్డు అలా పోయింది.

2022లో అమెరికాలో ఎల్పీ రికార్డులు 1987 తర్వాత తొలిసారి సీడీల కంటే ఎక్కువ అమ్ముడయ్యాయి. కానీ సంగీతం అమ్మకాలు లెక్కగట్టే లూమినేట్ సంస్థ సర్వే చేస్తే వాటిని కొన్నవాళ్లలో సగం మంది దగ్గరే రికార్డు ప్లేయర్ ఉందని తేలింది. మిగతా సగానికి అది వినే వస్తువు కాదు. గోడకు ఆనించి పెట్టుకునే ఒక గుర్తు, నేను ఫలానావాళ్ల మనిషిని అని చెప్పుకునే బ్యాడ్జి. వాళ్లు పాట వినేది ఫోన్‌లోనే.

ఈ దగ్గరితనానికి ఇంకో ముఖం ఉంది. 2024లో ఒక్కసారిగా పైకొచ్చిన అమెరికా గాయని చాపెల్ రోన్, అభిమానులు వెంటపడి వేధిస్తున్నారని, తనకు ముక్కూ మొహం తెలియని జనానికి తాను బాకీ లేనని బాహాటంగా చెప్పింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు కృతఘ్నురాలన్నారు. మరుసటి ఏడాది గ్రామీ వేదిక మీద ఆమె ఇంకో మాట అంది: కంపెనీలు కొత్త గాయకులకు బతకడానికి సరిపడా జీతం, ఆరోగ్య బీమా ఇవ్వాలని. తనను చిన్న వయసులో తీసుకుని వదిలేశారని, ఆ రోజుల్లో బీమా కూడా లేదని గుర్తుచేసింది. స్విఫ్ట్ 149 కచేరీల పర్యటన 200 కోట్ల డాలర్లు దాటిందన్న వార్త వచ్చి అప్పటికి రెండు నెలలు.

పాతవి పోవు, కొత్తవి నిలవవు

రికార్డు షాపులో పాత సరుకు వెనక అరలోకి పోయేది. యాప్‌లో వెనక అర లేదు. స్పాటిఫైలోని పది కోట్లకు పైగా పాటలూ వేలికి ఒకే దూరంలో ఉన్నాయి. అమెరికాలో వింటున్న సంగీతంలో పదింట ఏడు వంతులు ఏడాదిన్నర దాటిన పాటలే. కొత్త గాయకుడి పోటీ తోటి కొత్తవాడితో కాదు, చనిపోయినవాళ్లతో సహా అందరితోనూ.

కేట్ బుష్ 1985లో పాడిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ ఒక టీవీ సిరీస్‌లో వినిపించాక 2022 జూన్‌లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, ముప్పై ఏడేళ్ల తర్వాత. ఇందులోనూ లెక్కదే ఒక పాత్ర. బ్రిటన్ జాబితాలో పాత పాటల ప్లేలకు కొత్తవాటి కంటే తక్కువ విలువ కడతారు, లేకపోతే పాతవి కదలవు కాబట్టి. ఆ పాటకు ఆ నిబంధన సడలించారు. సడలించాకే అది శిఖరం ఎక్కింది.

ఒక మేలు మాత్రం తిరుగులేనిది. షాపులు, రేడియోలు కాపలా ఉన్నన్నాళ్లూ ఆంగ్లం కాని పాటకు ప్రపంచ మార్కెట్లో ఎప్పుడో ఒకసారి గానీ సందు దొరికేది కాదు. స్పానిష్‌లోనే పాడే ప్యూర్టో రికో గాయకుడు బ్యాడ్ బనీ 2020, 2021, 2022 మూడేళ్లూ వరసగా స్పాటిఫైలో ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది విన్న గాయకుడు.  ఆయన భాష మార్చుకుని లోపలికి రాలేదు.

ఇక చివరిది. 2025 నవంబరులో డీజర్ అనే ఫ్రెంచి స్ట్రీమింగ్ కంపెనీ ఒక లెక్క బయటపెట్టింది: తమకు రోజూ వచ్చి పడే కొత్త పాటల్లో మూడో వంతుకు పైగా, అంటే 50,000 దాకా, పూర్తిగా ఏఐ చేసినవే. వాటిని వినేవాళ్లు చాలా తక్కువ. ఆ తక్కువలోనూ పెద్ద భాగం దొంగ ప్లేలేనని అదే కంపెనీ అంటోంది.

దొంగ ప్లేలంటే ఎలాగో 2024 సెప్టెంబరులో న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ఒక కేసులో వివరించారు. వాళ్ల అభియోగం ప్రకారం ఒక వ్యక్తి 1,040 దొంగ ఖాతాలు తెరిచి, ఒక్కో ఖాతాతో రోజుకు 636 పాటలు మోగించేలా ఏర్పాటు చేసుకున్నాడు. మొత్తం రోజుకు 6,61,440 ప్లేలు. ఏళ్ల తరబడి అలా కోటి డాలర్లకు పైగా రాయల్టీ రాబట్టాడంటారు. అయితే ఒకే పాటకు అన్ని ప్లేలు వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని ఏఐతో లక్షల పాటలు చేయించి, ప్లేలన్నీ వాటి మీద పలచగా చల్లాడు. ఆ పథకం సాగాలంటే ఆ పాటల్లో ఒక్కటి కూడా హిట్ కాకూడదు.